అంతా అయిపోయాక నువ్వు

ఇంటి నుంచి
జూన్ 6

అన్నయ్యకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఈసారి నా వల్ల కావడం లేదు. ఆయన లాప్‌టాప్ తెర పగిలిపోయింది. బల్ల మీద నుంచి జారి పడింది.

నీకు లాప్‌టాప్ అంటే ఒక సామాను. ఈ ఇంట్లో అది ఆయన నోరు. మాట పూర్తిగా పోయి ఏడాదిన్నర అయింది. కాళ్ళు ముందే పోయాయి, ఎడమ చెయ్యి పోయిన చలికాలంలో పోయింది. కుడి చూపుడువేలు ఒక్కటే ఇంకా చెప్పిన మాట వింటోంది. ఆ వేలితో ఒక్కొక్క మీటే వెతుక్కుని అరగంటకి రెండు వాక్యాలు కొట్టేవారు. ముప్పై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని "క్లచ్ తొక్కండి, అద్దం చూడండి, నన్ను చూడకండి" అని పొద్దస్తమానం మాట్లాడిన మనిషి. చివరికి మిగిలినవి ఆ రెండు వాక్యాలు. ఇప్పుడు అవీ లేవు.

తెర నడుమ సాలెగూడులా పగులు. దాని చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరక. మిగతా చోటంతా నిలువు గీతలు. పక్కన చిన్న దీపం మాత్రం ఇంకా వెలుగుతోంది. చార్జర్ తీయలేదు. తీస్తే ఉన్నది కూడా పోతుందేమోనని భయం. టీవీకి తగిలిద్దామంటే, వైరు పెట్టే చోటు ఎప్పుడో విరిగిపోయింది.

ఎదురు ఫ్లాటు నర్సుని కాసేపు ఆయన దగ్గర కూర్చోమని, ఫోనులో ఫోటో తీసుకుని రిపేరు షాపుకి వెళ్ళాను. మెకానిక్ ఫోటో వైపు ఎంతసేపు చూశాడో చెప్పమంటే, తుమ్మడానికి పట్టేంత సేపు. "ఇంత పాతదానికి తెర దొరకదమ్మా. ఇచ్చి వెళ్ళండి, మూడు వారాలు చూద్దాం. లేకపోతే కొత్తది కొనుక్కోండి" అన్నాడు. మీటల మీద పెద్ద అక్షరాలు అంటించి, కొట్టింది తెర నిండా కనిపించేలా సర్దిపెట్టిన మాటల టీచరమ్మ ఊరు వదిలి వెళ్ళిపోయింది. ఆయన వేలు ఆ మీటలకే అలవాటు పడింది. కొత్త మీటలు నేర్చుకునే వ్యవధి ఆ వేలికి లేదు. "వర్షాలు వెళ్ళేదాకా పనిచేస్తే గొప్పే" అని డాక్టరు పోయిన నెల అన్నాడు.

అట్ట మీద అక్షరాలు రాసి చూపించాను. నేను ఒక్కో అక్షరం మీద వేలు పెడతాను, కావలసింది వచ్చినప్పుడు రెప్ప వేయండి అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. మర్నాడు మళ్ళీ చూపించాను. మళ్ళీ మూసుకున్నారు.

నువ్వు చిన్నప్పుడు రేడియోలు విప్పి బిగిస్తే రెండు స్క్రూలు మిగిలేవి. అయినా అవి పాడేవి. ఈ తెర నేను ఇంట్లోనే మార్చగలనా? నీ క్యాంపులో సిగ్నల్ ఉండదు కాబట్టి ఈ ఉత్తరం. వెంటనే రాయి.

నీ చెల్లెలు

*

సొరంగం క్యాంపు, కరెంటు షెడ్డు
జూన్ 13

తొందరమ్మకి,

నీ ఉత్తరం నిన్నటి జీపులో వచ్చింది. తెర మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే నీకు పెట్టిన పేరుకి తగ్గట్టు చేస్తే కుదరదు. అందుకే నెమ్మదిగా చదువు, రెండుసార్లు చదువు, అప్పుడు ముట్టుకో.

ముందు చార్జర్ తీసెయ్. వెనక్కి తిప్పి, అడుగున ఉన్న గొళ్ళాలు రెండూ జరిపి బ్యాటరీ తీసి పక్కన పెట్టు. కరెంటు లోపల ఉండగా స్క్రూ డ్రైవరు పెట్టకూడదు. తెర చుట్టూ ఉన్న చట్రం మూలల్లో చిన్న రబ్బరు బిళ్ళలుంటాయి. సూదితో లేపితే కింద స్క్రూలు కనిపిస్తాయి. అవి తీశాక, ఏదైనా ప్లాస్టిక్ కార్డు సందులో దూర్చి చట్రాన్ని చుట్టూ కొంచెం కొంచెంగా లేపు. టక్ టక్‌మని చప్పుడవుతుంది, బెదిరిపోకు. లోపల తెరని పక్కల నుంచి నాలుగు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. అవీ తీసి, తెరని మీటల మీదికి బోర్లా వాల్చు. వీపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద ఉన్న నంబర్లన్నీ, ఒక్కటి కూడా వదలకుండా రాసి పంపు. ఆ నంబరే తెర కులగోత్రాలు. అది తప్పితే సంబంధం కుదరదు.

మా జీపు డ్రైవరు వారానికి రెండుసార్లు టౌనుకి దిగుతాడు. తెప్పిస్తాను.

ఒక మాట. బల్ల మీద నుంచి పడితే మూల పగులుతుంది. నట్టనడుమ సాలెగూడులా పగిలిందంటే, ఏదో అడ్డం ఉండగా మూత గట్టిగా మూసినట్టు. నేను అడగడం లేదు. చెబుతున్నాను, అంతే.

నేనే వచ్చి చేద్దామనుకున్నాను. సెలవు అడిగితే లేదన్నారు. సొరంగంలో నీళ్ళు ఊరుతున్నాయి, పంపులు ఆగితే లోపలున్న వాళ్ళ ప్రాణాలకే ముప్పు.

బావకి చెప్పు: "బావా, కొత్త శిష్యురాలు స్క్రూ డ్రైవరు పట్టింది. పక్క సీట్లో జాగ్రత్తగా కూర్చో."

అన్నయ్య

*

ఇంటి నుంచి
జూన్ 21

అన్నయ్యకి,

విప్పాను. పొద్దున్నే ఆయనకి స్నానం చేయించి, కుర్చీ బల్ల దగ్గరికి తోసి, తెల్లటి దుప్పటి పరిచి దాని మీద విప్పాను. నువ్వు చెప్పమన్న మాట చెప్పాను. ఆయన నవ్వితే పెదవి ఎడమ మూల కొంచెం లేస్తుంది. లేవలేదు.

చట్రం లేపడానికి పాత బస్సు పాసు వాడాను. మొదటి టక్‌కి పాసు వదిలేశాను. మూడోదానికి అలవాటైంది. అయిదోది మాత్రం నిజంగానే విరిగింది, కింద వైపు ఒక చిన్న కొక్కెం. నాలుగు స్క్రూలూ బియ్యపు గింజలో సగం కూడా లేవు. ఒకటి నేల మీద పడింది. మంచం కింద పాకుతూ అరగంట వెతికాను. దొరికింది, నా చెప్పుకి అంటుకుని ఉంది.

నేను పాకుతున్నంతసేపూ ఆయన చూస్తూనే ఉన్నారు. స్క్రూ డ్రైవరు నా చేతిలోంచి ఒకసారి జారినప్పుడు, ఆయన కుడి పాదం కదిలినట్టనిపించింది. నేర్చుకునేవాళ్ళు తడబడితే బ్రేకు వేసే పాదం అది. కదిలిందో, నాకే అలా అనిపించిందో తెలీదు. రెండేళ్ళుగా ఆ పాదంలో చలనం లేదు.

నంబరు వేరే కాగితం మీద పెద్దగా రాసి ఇందులోనే పెట్టాను.

పగులు నడుమనే ఉంది. పడటంలో ఎన్ని రకాలని.

నిన్న ఆయన చూపుడువేలు నా అరచేతిలో పెట్టుకుని, "అవునంటే ఒకసారి నొక్కండి" అన్నాను. "జావ ఇంకొంచెం పెట్టనా?" అని అడిగాను. నొక్కారో లేదో తెలియలేదు. ఏదో కదిలింది. అది నా నాడి కొట్టుకోవడమే కావచ్చు.

త్వరగా పంపించు అన్నయ్యా.

నీ చెల్లెలు

*

సొరంగం క్యాంపు
జూలై 9

తొందరమ్మకి,

నువ్వు ఎన్నిసార్లు గుమ్మంలోకి వచ్చి పోస్టుమాన్ కోసం చూసుంటావో నాకు తెలుసు. తెర దొరికింది, దొరికి కూడా పదకొండు రోజులు ఇక్కడే ఉండిపోయింది. డ్రైవరు టౌనులో కొట్టు కొట్టూ తిరిగి నీ నంబరు చూపించి పట్టుకొచ్చాడు. అక్కడి నుంచే నీకు పంపించి ఉండాల్సింది. పగుళ్ళున్నాయేమో నా కళ్ళతో చూసి పంపుదామని పైకి తెప్పించాను. అది తప్పయింది. మర్నాడే వానకి కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. మట్టి ఎత్తే మిషను రావడానికే వారం పట్టింది. నేను రోజూ షెడ్డులో ఆ అట్టపెట్టెని చూస్తూ కూర్చున్నాను. మూడు వందల మందికి వెలుతురిచ్చే కరెంటు నా చేతిలో ఉంది, అరచేయంత దారి మాత్రం లేదు.

ఇవాళ దారి తెరిచారు. నా దిండు చింపి ఆ దూదిలో చుట్టి పంపుతున్నాను. ఇక్కడ పెట్టి చూడటానికి అలాంటి లాప్‌టాప్ లేదు.

పాత తెర వీపు మీద కింది భాగంలో ఒక వైరు దూరి ఉంటుంది, దాని మీద టేపు ఉంటుంది. టేపు ఒలిచి, వైరుని అడ్డంగా కాకుండా తిన్నగా వెనక్కి లాగు. కొత్తదానికి అలాగే తిన్నగా దూర్చు. చట్రం బిగించకముందే బ్యాటరీ పెట్టి వెలిగించి చూసుకో.

బావ వేలు ఎలా ఉంది? ఉన్నదున్నట్టు రాయి.

అన్నయ్య

*

ఇంటి నుంచి
జూలై 17

అన్నయ్యకి,

పెట్టె వచ్చింది. తెర చక్కగా ఉంది, గీత లేదు. కానీ వైరు దూరలేదు. పాతదాని మూతి చిన్నది, దీని మూతి వెడల్పు. తిన్నగా, వంచి, తిప్పి చూశాను. బలవంతం చేస్తే విరుగుతుందని ఆపేశాను. తర్వాత నువ్వు రాసిన మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. నంబర్లన్నీ రాయమన్నావు. ఆ కాగితం మీద రెండు వరసలున్నాయి. పైది లావుగా ఉంది కదా అని అదొక్కటే రాశాను. కింది వరస ఇందులో పెడుతున్నాను. నా తొందర దాదాపు నెల రోజులు మింగింది.

పెట్టె విప్పేటప్పుడు ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాను. వైరు వదిలేసి, తెరని మళ్ళీ దూదిలో చుట్టాను. ఆయనకి అర్థమైంది. కళ్ళు కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆయన ఇంక తిప్పుకోగలిగినవి అవి రెండే.

వేలి సంగతి అడిగావు. పొద్దున పూట కొంచెం వంగుతుంది, పైకి లేవడం కష్టంగా ఉంది. మధ్యాహ్నానికి అదీ ఉండదు.

ఇంక దాచి లాభం లేదు. అది పడలేదు.

ఆ రోజు నర్సు డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగి "ఎలా ఉన్నావక్కా?" అంది. "నాకేం, ఇదంతా అయిపోయాక నెల్లాళ్ళు పడుకుని లేస్తాను" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఇదంతా అంటే ఏమిటో, అయిపోవడమంటే ఏమిటో ఆ నిమిషాన నాకు తట్టలేదు. గది తలుపు తీసే ఉంది.

జావ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళేసరికి ఆయన కొడుతున్నారు. చెంచా మీటల అంచున పెట్టి, పక్కన నిలబడి చూశాను. ఇరవై నిమిషాలకి మూడు మాటలు వచ్చాయి. "అంతా అయిపోయాక నువ్వు".

నా మాట నాకే అప్పజెబుతున్నారనుకున్నాను. దెప్పుతున్నారనుకున్నాను. అయిదేళ్ళ అలసటంతా ఒక్కసారి నెత్తికెక్కింది. "చాలు, ఇంక చాలించండి" అని మూత ధడాలున మూశాను. చెంచా ఇంకా అక్కడే ఉంది. ఆయన వేలు కూడా అక్కడే ఉంది. చెంచా అడ్డం పడి వేలిని కాపాడింది, లేకపోతే తెరకి బదులు అది నలిగేది.

ఆయన నా వైపు చూస్తూ ఉండిపోయారు. నేను వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

"నువ్వు" అన్న మాట తర్వాత ఆయన ఏం రాయబోయారో నాకు తెలీదు. పడుకో అనేవారో, సంతోషంగా ఉంటావులే అనేవారో. క్షమాపణ చెప్పాను, చాలాసార్లు చెప్పాను. అట్ట పట్టుకెళితే కళ్ళు మూసుకుంటున్నారు. కోపమో, అలసటో, ఇంక చెప్పేదేం లేదనో. అడిగి తెలుసుకునే దారిని నా చేతులతోనే మూశాను.

చెల్లెలు

*

టౌను పోస్టాఫీసు నుంచి
జూలై 26

అమ్మడూ,

ఇవాళ నిన్ను ఆ పేరుతో పిలవబుద్ధి కావడం లేదు.

ఈసారి జీపులో నేనే దిగాను. నీ రెండో నంబరు పట్టుకుని తెర కొన్నాను. వైరు మూతి చిన్నదేనని చూసుకున్నాను. ఇక్కడే పార్సిల్ కట్టించి, పోస్టాఫీసు బల్ల మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు చేదు మాట చెబుతాను. ఆ రోజు మూత మూసినా మిషను లోపల నిద్రపోతూ ఉంటుంది. చార్జర్ ఉన్నంత కాలం ఆ మూడు మాటలూ అలాగే ఉండి ఉంటాయి. తెర కనిపించకపోయినా రెండు మీటలు నొక్కి వాటిని భద్రం చేయించేవాణ్ని. నువ్వు చెప్పి ఉంటే. చెప్పలేదు కాబట్టి మొదటి ఉత్తరంలోనే బ్యాటరీ తీయమన్నాను. తీయగానే పోయి ఉంటాయి. కొన్ని మిషన్లు వాటంతట అవే దాచుకుంటాయి, మనదేం చేసిందో చూడాలి. నువ్వు దాచావు, నేను తీయించాను. ఇద్దరం కలిసే పోగొట్టాం.

ఇప్పుడు నా సంగతి. సెలవు ఇవ్వలేదని రాశాను. నేను అడగలేదు. క్యాంపులో సిగ్నల్ లేదన్నది నిజమే, కానీ జీపెక్కితే గంటలో ఈ టౌనుకి రావచ్చు. ఇక్కడ ఫోను చక్కగా పలుకుతుంది. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఇందాక నీ నంబరు తీశాను కూడా. తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. నువ్వు ఎత్తితే వెనక ఆ గదిలో నిశ్శబ్దం వినిపిస్తుంది. అది నేను వినలేను.

కిందటేడు నేను వచ్చినప్పుడు నువ్వు మందుల షాపుకి వెళ్ళావు. నీళ్ళు తాగిస్తుంటే బావకి పొలమారింది. మొహం నల్లబడిపోయింది. నేను కుర్చీ వెనక రెండు చేతులూ చాచి నిలబడ్డాను. ఎక్కడ పట్టుకోవాలో, వంచాలో, తట్టాలో ఒక్కటీ తోచలేదు. ఎంతసేపో తెలీదు. తనంతట తనే సర్దుకుని నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నా మీద జాలిపడ్డాడు. మర్నాడే అర్జెంటు పని అని అబద్ధం చెప్పి వచ్చేశాను. నాకు తీగ తెగితే అతకడం తెలుసు, ఫ్యూజు పోతే వేయడం తెలుసు. బావ ముందు నా చేతులు ఎందుకూ పనికిరావు.

ఈ ఉత్తరం బావకి చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం. నా కోసం ఆగకు, తెర వచ్చిన రోజే పెట్టెయ్.

అన్నయ్య

*

ఇంటి నుంచి
ఆగస్టు 7

అన్నయ్యకి,

తెర ఆదివారం పెట్టాను. వైరు ఒక్క తోపుకే దూరింది. నువ్వు చెప్పినట్టు చట్రం బిగించకముందే వెలిగించాను. ముందు నల్లగా ఉండి, తర్వాత మెల్లగా తెల్లబడింది. నర్సు సెలవులో ఉండి పక్కనే నిలబడింది. నేను నోరు మూసుకుని ఏడ్చాను. ఆయన కళ్ళలో ఆ వెలుగు చిన్న చతురస్రంగా పడింది.

ఆ మూడు మాటలూ లేవు. అంతకు ముందు రోజువి ఉన్నాయి. "దిండు కొంచెం ఎడమకి" అని, "చలి" అని. ఆ రోజుది మాత్రం ఖాళీ. అంతా వెతికాం. నువ్వు బాధపడకు, నీ తప్పు కాదు.

నీ ఉత్తరం అంతకు ముందురోజే ఆయనకి చదివి వినిపించాను. మొత్తం, పొలమారిన సంగతి కూడా. చదువుతున్నంతసేపూ కళ్ళు మూసుకోలేదు.

సోమవారం పొద్దున, వేలికి కాస్త జీవం ఉండే వేళకి, నర్సు ఆయన మణికట్టు కింద తువ్వాలు మడిచి పెట్టింది. వేలిని మీటల మీద ఆనించాం. పది నిమిషాలకి "ర" పడింది. వేలు లేవదు. నర్సు ఒక్కో అక్షరం దాకా చేతిని జరిపేది, ఆయన చూపు ఎక్కడ ఆగితే అక్కడ ఆపేది, నొక్కడం మాత్రం ఆయనే. "ర" దగ్గరే నేను ఆ అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ తలచుకున్నాను. మంచివి కొన్ని, చెడ్డవి ఎక్కువ. తర్వాత "మ". తర్వాత దాని కింద ఒత్తు. గంటా పది నిమిషాలు పట్టింది.

"రమ్మను".

చివరి మీట మీద వేలు అలాగే ఉండిపోయింది, ఎత్తలేకపోయారు. కొమ్ములు ఒకదాని వెనక ఒకటి వరస చివరిదాకా పడుతూనే ఉన్నాయి. నేనే వేలు పట్టుకుని ఎత్తాను. అంతే. మర్నాడు నొక్కలేదు, ఆ మర్నాడూ నొక్కలేదు. డాక్టరు వచ్చి చూసి, ఇంక దాన్ని ఇబ్బంది పెట్టొద్దన్నాడు.

నిజం చెబుతున్నాను, ముందు నాకు కోపం వచ్చింది. ఉన్న ఒక్క మాటా నీకిచ్చేశారు. రెండు నెలలు నేను పడిగాపులు పడింది ఇంకో మాట కోసం. నర్సు వెళ్ళాక అట్ట చూపిస్తే మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, పక్కన కూర్చుని నోటితోనే అడిగాను. "ఆ రోజు ఏం రాయబోయారు? నన్ను తిట్టబోయారా?" నా వైపే చూస్తున్నారు. "పడుకోమని రాయబోయారా?" అలాగే చూస్తున్నారు. రెప్ప వేస్తే అది జవాబో, మామూలు రెప్పో నాకు తెలియడం లేదు. రెండు ప్రశ్నలకే ఆపేశాను. నాకు కావలసిన జవాబు ఆయన చేత చెప్పించడం నాకు చాలా సులువని అర్థమై, భయం వేసింది.

ఇంక తెలీదు అన్నయ్యా. ఇంక ఎప్పటికీ తెలీదు.

ఆయన రమ్మన్నది నిన్ను. పనిముట్లేవీ తేకు, ఇక్కడ విప్పడానికి, బిగించడానికి ఏమీ మిగల్లేదు. నీకు చేతకాదని ఆయనకి కిందటేడే తెలుసు. తెలిసే పిలుస్తున్నారు. నాకూ చేతకాదు, నేను రోజూ ఇక్కడే ఉంటున్నాను. ఊరికే కూర్చోవడానికి రా. పొద్దుటి బస్సుకి వస్తే పదిన్నరకల్లా ఇల్లు చేరతావు, అప్పటికి ఆయన మెలకువగా ఉంటారు.

చెల్లెలు